గొర్రెలు లేనివాళ్ళ చోటు

జాతీయ పార్కు ఆఫీసు నుంచి మనిషి వస్తున్నారని కబురు అందిన రోజే మా సోనున్ ఎజె బోజ్-దోబో గుట్ట మీద రిబ్బను కట్టేసింది. నాలుగు మూలలా నాలుగు మేకులు, వాటి చుట్టూ ఎర్ర రిబ్బను. లోపల పన్నెండు టెంట్లు పడతాయని అడుగులు వేసి లెక్క చూసుకుంది. ఆ తర్వాత గుట్ట మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, ఇల్లు కట్టుకున్నదానిలా చుట్టూ చూసింది.

సోనున్ ఎజె మా నాన్నకు చెల్లెలు; మాలో అక్కనూ అత్తనూ ఎజె అనే పిలుస్తాం. నాలుగేళ్ళుగా రాజధానిలో ఒక కుట్టుపని షెడ్డులో జేబులు కుడుతోంది. చొక్కా మొత్తం కాదు, జేబులు మాత్రమే. ఆ షెడ్డుకు కిటికీ లేదట. ఈ ఏడు మా సరి-బులక్ లోయలో, కాలినడకన కొండలు తిరిగేవాళ్ళ కోసం ఒక కొత్త విడిది పెట్టుకోవడానికి పార్కువాళ్ళు అనుమతి ఇస్తున్నారని విని, సెలవు తీసుకుని వచ్చి దరఖాస్తు చేసింది. ఇచ్చేది ఒక్కరికే. లోయ దిగువన ఇంకొకాయన కూడా అడుగుతున్నాడు. అనుమతి వస్తే ఎజె మంచు పడేదాకా మాతోనే ఉంటుంది. రాకపోతే సోమవారం వ్యాను ఎక్కి మళ్ళీ ఆ షెడ్డుకే పోవాలి.

ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను తిరిగి మాట్లాడేది మాత్రం ఎజెతోనే. బడిలో జవాబు తెలిసినా నోరు విప్పను. ఇంటికి ఎవరైనా వస్తే టీ పోసి, గిన్నెలు కడిగే వంకతో బయటికి వెళ్ళిపోతాను. పదిహేనేళ్ళు వచ్చినా ఇంకా ఇదేం సిగ్గని అమ్మ విసుక్కుంటుంది. ఎజె ఒక్కతే విసుక్కోదు. నేను రెండు మాటలు చెప్పి ఆగిపోతే, మూడోది వచ్చేదాకా ఏదో ఒక పని చేసుకుంటూ కూర్చుంటుంది. అందుకే ఆ సోమవారం గురించి తలుచుకుంటే నాకు అన్నం దిగేది కాదు.

బోజ్-దోబోను ఎంచడంలో మాత్రం ఇంట్లో ఒక్కరికీ అనుమానం లేదు. నాన్న, ఎజె, పొరుగున ఉండే తెమిర్‌కుల్ ఆతా, ముగ్గురూ ఒకేసారి ఆ గుట్ట పేరే చెప్పారు. దాని మీద నిలబడితే లోయ మొత్తం కనబడుతుంది. మా గొర్రెలు, ఆతా గుర్రాలు, వాగు అవతల ఉండే పెద్దావిడ బాత్మా అపా డేరా, వాగు దాటే రెండు చోట్లు, దారిలో వచ్చే ప్రతి రౌతూ, అన్నీ కంటికి ఆనతాయి. గుట్ట చుట్టూ మూడు వందల అడుగుల మేర ఒక్క పొద లేదు, ఒక్క బండరాయి లేదు. తోడేలు ఏ వైపు నుంచి వచ్చినా ముందే తెలిసిపోతుంది. మా తాత కూడా తన ఉన్ని డేరాను ఆ గుట్ట మీదే వేసేవాడట. ఇంతకంటే మంచి చోటు పార్కు మొత్తంలో దొరకదని నాన్న తేల్చేశాడు.

ఆఫీసు మనిషి శుక్రవారం మధ్యాహ్నానికి వచ్చింది. పేరు ఎల్నూరా. లావుపాటి అధికారి ఎవరో వస్తాడని అనుకున్నాం గాని, వచ్చింది పాతికేళ్ళు కూడా నిండని సన్నటి అమ్మాయి. పార్కు గుర్రం మీద కుదురుగానే కూర్చుంది. దిగగానే అట్టకు బిగించిన కాగితాలు బయటికి తీసింది. ఎంచిన చోట తనే టెంటు వేసుకుని ఒక రాత్రి పడుకుని చూస్తేగాని రాయదట. అది ఆఫీసు నియమం. ఎజె ఆమెను చెల్లెలి వరసలో సిండిమ్ అని పిలిచి గుట్ట మీదికి తీసుకెళ్ళింది. ఆమె రిబ్బను లోపల చిన్న ఆకుపచ్చ టెంటు వేసుకుంది.

అసలు కథ అక్కడే మొదలైంది.

మా కొండల్లో ఎవరైనా కొత్తగా వచ్చి నీడ వేసుకుంటే, అంతకుముందే అక్కడ ఉన్నవాళ్ళు ఆ పూటే తిండి పట్టుకుని వెళ్ళాలి. దాన్ని ఉరులుక్ అంటాం. వచ్చినవాళ్ళు అలిసిపోయి ఉంటారు, పొయ్యి ఇంకా రాజుకుని ఉండదు. అందుకని. అయితే వేసింది ఎంత డేరా, ఉండేది ఎన్నాళ్ళు అని ఆ ఆచారం అడగదు. కాబట్టి ఎల్నూరా టెంటు ఆఖరి మేకు కొట్టే సరికి మా అమ్మ వేయించిన బోర్సోక్ రొట్టెలతో, మీగడతో, తోలుసంచి నిండా కుమిస్‌తో గుట్ట ఎక్కేసింది. వెనకాలే బాత్మా అపా తన ఇద్దరు మనవరాళ్ళతో, తన కుమిస్‌తో వచ్చింది. తెమిర్‌కుల్ ఆతా మాంసం పళ్ళెం పట్టుకుని వచ్చి, తన ఆడగుర్రాల పాలు పులిస్తే వచ్చే రుచి ఈ లోయలో ఇంకెవరి కుమిస్‌కూ రాదని కూర్చోకముందే చెప్పాడు.

ముగ్గురి కుమిస్‌లో దేన్నీ తక్కువ చెయ్యకూడదు కదా. ఎల్నూరా మర్యాద తెలిసిన పిల్ల. అమ్మ పోసింది తాగింది, అపా పోసింది తాగింది, ఆతా పోసింది తాగింది. ఆతా తనది రెండో గిన్నెకు గాని రుచి తెలియదన్నాడు. అది విని అపా ఊరుకుంటుందా? నేను టీ పోస్తూ లెక్కపెట్టాను. ఏడు గిన్నెల కుమిస్, నాలుగు గిన్నెల టీ.

అందరూ దీవించి ఎవరి డేరాలకు వాళ్ళు దిగిపోయారు. మేం గుట్ట కింద గిన్నెలు సర్దుకుంటున్నాం. ఎల్నూరా లేచి గుట్ట ఉత్తరపు అంచు దాకా నడిచింది. అటు నుంచి బాత్మా అపా మనవరాళ్ళు చేతులూపారు. ఆమె కూడా చెయ్యి ఊపి దక్షిణపు అంచుకు వెళ్ళింది. అక్కడ తెమిర్‌కుల్ ఆతా దుర్భిణి ఎత్తి చూస్తున్నాడు. పాపం, ఆయన చూసేది తన గుర్రాలనే. తూర్పున మా డేరా, మా గుమ్మం. పడమట దారి మీద ఎవరో ఇద్దరు రౌతులు తీరిగ్గా పోతున్నారు. ఎల్నూరా మళ్ళీ ఉత్తరానికి వెళ్ళింది, ఈసారి కాస్త త్వరగా.

నాన్న మురిసిపోయాడు. "చూశావా సోనున్, నాలుగు దిక్కులూ తిరిగి తిరిగి చూస్తోంది. కళ్ళు తిప్పుకోలేకపోతోంది."

ఎజె కూడా మెడ చాచి చూసి, పని అయిపోయినట్టే అంది.

నాకు మాత్రం అర్థమైంది. ఆమె చూస్తున్నది కొండల అందం కాదు. మావాళ్ళకు ఈ ఇబ్బంది ఎప్పుడూ రాదు. అవసరమైతే గుర్రమెక్కి ఏ మిట్ట వెనక్కో పోయి వస్తారు, ఎటు వెళ్ళావని అడిగేవాళ్ళు ఉండరు. కానీ కొత్త మనిషి, అందులోనూ ఆఫీసు కాగితాలతో వచ్చిన మనిషి, మూడు కుటుంబాలు కళ్ళప్పగించి చూస్తుండగా గుర్రానికి జీను వేసుకుని ఎక్కడికని పోతుంది? చాటు దొరక్కపోవడం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. చాటు వెతుక్కోవడం తప్ప నాకు వచ్చిన విద్య ఇంకోటి లేదు.

బకెట్టు తీసుకుని గుట్ట ఎక్కాను. ఆమె దగ్గరికి వెళ్ళి, నేల వైపు చూస్తూ, "ఊటకి వెళ్తున్నా. వస్తారా?" అన్నాను. ఒక పరాయి మనిషితో నా అంతట నేను మాట్లాడడం ఆ ఏడు అదే మొదటిసారి. ఆమె ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా నా వెంట వచ్చేసింది. సగం దారిలో నన్ను దాటి ముందు నడిచింది. దారి తెలియదు కనక మళ్ళీ ఆగాల్సి వచ్చింది.

గుట్ట వెనక ఒక రాతి గట్టు ఉంది. దాన్ని దాటి వంపు తిరిగితే, దోసిలి పట్టినట్టు ఒక పల్లం. దాని చుట్టూ సూదుల్లాంటి ఆకుల అర్చా చెట్లు, పై అంచున ఊట. కింది అంచున ఒక ముసలి అర్చా కొమ్మలు నేలకు ఆనించుకుని ఉంటుంది. రెండేళ్ళ కిందట తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం తిరుగుతూ దాన్ని చూశాను. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఆ కొమ్మల కింద కూర్చుని నా నోటుపుస్తకం రాసుకుంటాను. ఆ సంగతి ఎజెకు కూడా తెలియదు. ఎల్నూరాకు ఆ ముసలి చెట్టు వైపు వేలు చూపించి, నేను ఊట వైపు తిరిగి నిలబడ్డాను.

ఆమె తిరిగి వచ్చేసరికి ముఖం తేటపడింది.

"నీ పేరేంటి?"

"బూరుల్."

"బూరుల్, ఇవాళ నువ్వు నా పరువు కాపాడావు. కాగితంలో మాత్రం రాయలేనే."

నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వి, ఆ తర్వాత చుట్టూ చూడసాగింది. ఈసారి నిజంగానే చూసింది. వంగి మట్టి చేత్తో నలిపింది. ఊట నుంచి పల్లం మధ్యకు అడుగులు లెక్కపెట్టింది. గట్టు మీది రాళ్ళు కదులుతాయేమోనని పైకెక్కి కాలితో తన్ని చూసింది. దిగి వచ్చి నా పక్కన కూర్చుని, ఆ గుట్టకు తను అనుమతి రాయలేనని మెల్లగా చెప్పింది. టెంట్లకూ, ఇళ్ళకూ కనబడకుండా మరుగుదొడ్డికి చోటుండాలని కాగితంలో ఉందట. ఆ గుట్ట చుట్టూ అలాంటి చోటు లేదు. ఈ రోజు ఇబ్బంది పడింది తనొక్కతే. పన్నెండు టెంట్లలోంచి పొద్దున్నే అందరూ ఒకేసారి లేస్తే ఏం కావాలి?

"ఈ చోటు ఎవరిది?" అని అడిగింది.

"ఎవరిదీ కాదు" అన్నాను. నిజమే చెప్పాను. కానీ అబద్ధమాడినట్టు చెవులు వేడెక్కాయి.

ముసలి చెట్టు కింద నలిగిన గడ్డిని, పెన్సిలు చెక్కిన పొట్టును ఆమె అప్పటికే చూసి ఉంటుంది. వాటి మాట ఎత్తలేదు. ఫలానా చోట పెట్టుకోండని తను ఎవరికీ చెప్పకూడదని, చోటును దరఖాస్తు పెట్టినవాళ్ళే చూపించాలని అంది. దిగువనున్న ఆయనకూ ఇదే నియమం. రేపు మధ్యాహ్నం కిందికి వెళ్ళిపోతానని చెప్పి, బకెట్టుకు ఒక పక్క తను పట్టుకుంది.

ఆ సాయంత్రం ఎజె పాట పాడుకుంటూ పన్నెండు టెంట్లకు పన్నెండు గుడ్డ జెండాలు కుట్టింది. నేను పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇస్తూ, నాలుగుసార్లు నోరు తెరిచాను. చెబితే ఆ పల్లం ఇక నాది కాదు. పన్నెండు టెంట్ల జనం, వాళ్ళ మాటలు, వాళ్ళ నవ్వులు అక్కడ ఉంటాయి. చెప్పకపోతే ఎజె సోమవారం వ్యానెక్కుతుంది. ఎజె తన అలవాటు ప్రకారం నా మాట కోసం చూసింది. అది రాకపోయేసరికి ఆవలించి, మిగతాది రేపు చెప్పుదువుగాని అని పడుకుంది.

మర్నాడు పొద్దున అందరం గుట్ట మీద చేరాం. అనుమతి వచ్చే శుభవేళ అని బాత్మా అపా మళ్ళీ కుమిస్ తెచ్చింది. ఎల్నూరా గిన్నెకు దణ్ణం పెట్టి పక్కన పెట్టేసింది. ఆ తర్వాత కాగితం చూస్తూ, ఎవరినీ నొప్పించకుండా, ఈ చోటు ఎందుకు కుదరదో చెప్పింది.

ముందు ఎవరూ నమ్మలేదు. తెమిర్‌కుల్ ఆతాకు కోపమే వచ్చింది. తన ముత్తాత కాలం నుంచి ఈ గుట్ట మీద ఎన్నో డేరాలు లేచాయని, ఒక్కరూ ఇబ్బంది అనలేదని అన్నాడు. చాటు చాటు అంటున్నారే, చాటంటే తోడేలుకు దారి కదా అని అడిగాడు. ఎల్నూరా తలొంచుకుని, మధ్యాహ్నం లోపు వేరే చోటు చూపిస్తే తప్పకుండా చూస్తానంది. నాన్న వెంటనే వాగు పక్కనున్న మైదానం పేరు చెప్పాడు. అది గుట్ట కంటే బోడి. ఆతా పైనున్న దిన్నె చెప్పాడు. అక్కడి నుంచైతే పక్క లోయ కూడా కనబడుతుందట. బాత్మా అపా తన డేరా ముందరే చోటిస్తానంది. ఒకదాన్ని మించి ఒకటి బట్టబయలు. ఎల్నూరా ఒక్కోదానికీ తల అడ్డంగా ఊపుతూ పోయింది.

ఎజె గుట్ట మూలకు నడిచింది. వంగి ఒక మేకు పీకి, దానికి రిబ్బను చుట్టడం మొదలుపెట్టింది. చాలా శ్రద్ధగా, ముడతలు లేకుండా చుడుతోంది, షెడ్డుకు తిరిగి పట్టుకెళ్ళడానికన్నట్టు.

"గట్టు వెనక పల్లం ఉంది" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అందరూ నా వైపు తిరిగారు. ఆరు జతల కళ్ళు.

నాన్న నవ్వాడు. "తోడేళ్ళ పల్లమా? అతిథుల్ని తోడేళ్ళకి భోజనానికి పంపుదామంటావా?"

"అక్కడ పడుకుంటే నీ గొర్రెల్లో ఒక్కటి కూడా కంటికి కనబడదు, పిల్లా" అన్నాడు తెమిర్‌కుల్ ఆతా. "తెల్లారి లేచి ఎన్ని మిగిలాయో చూసుకోవాలి."

"వచ్చేవాళ్ళకి గొర్రెలు లేవు, ఆతా."

నాన్న లోయ వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. ముందుగా బాత్మా అపా పకపకా నవ్వింది. "అవును గదరా! నిన్నటినుంచీ మనం వాళ్ళకి లేని గొర్రెల్ని కాస్తున్నాం."

అపా నవ్వు ఆగేలోపే మిగతాది చెప్పెయ్యాలి, ఆగితే ఇక చెప్పలేనని తెలుసు. అందుకే గబగబా చెప్పుకుంటూ పోయాను. పడమటి గాలి బలంగా వీచే రోజున కూడా అక్కడ గడ్డి వంగదని, పొద్దున పాలు పితకడం పూర్తయ్యేసరికి ఎండ పల్లం నడిమికి వస్తుందని, కిందటేడు కుండపోత కురిసిన రోజు నీళ్ళన్నీ గట్టు అవతలి పాయలో పోయాయి గాని పల్లంలోకి రాలేదని, జూలైలో జోరీగలు వాగు దగ్గరే ఆగిపోతాయని చెప్పాను. నేలంతా చదునుగానే ఉందని, ఊట పక్కన మాత్రం తడి అని, అక్కడ టెంటు వెయ్యనివ్వకూడదని కూడా చెప్పాను.

అమ్మ నన్ను వింతగా చూసింది. "ఇవన్నీ నీకెలా తెలుసే?"

"రోజూ అక్కడే ఉంటాను" అన్నాను.

"అందుకా, మధ్యాహ్నం పూట ఎంత పిలిచినా పలకవు! నీకు చెవుడేమోనని మీ నాన్నతో అన్నాను కూడా."

అందరం గట్టు దాటి వెళ్ళాం. ఎల్నూరా అంతకుముందు ఎప్పుడూ చూడనట్టే టేపు తీసి మొదటినుంచీ కొలిచింది. నాన్న రెండో కొస పట్టుకుని పరిగెత్తాడు. అరగంటకల్లా పల్లంలో పన్నెండు టెంట్లకూ చోటు చూపించాడు, ఎప్పటినుంచో తనే ఈ పల్లం పేరు చెబుతున్నవాడిలా. చివరికి మరుగుదొడ్డి దగ్గర ఎల్నూరా ఆగిపోయింది. అది ఊటకు దిగువన, వీలైనంత దూరంగా, చాటున ఉండాలి. అలాంటి చోటు ఒక్కటే ఉంది.

ఆమె ఎజెను అడగలేదు. నా వైపు చూసింది. "ఆ ముసలి చెట్టు కింద. పర్వాలేదా?"

నాకు ఒక్కసారిగా ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. రెండేళ్ళుగా నా మనసులో మాటలన్నీ కూర్చుని రాసుకున్న చోటు. ఈ పల్లంలో ఇంకే మూల అడిగినా బాగుండేది.

"అక్కడే తవ్వండి" అన్నాను.

అప్పటిదాకా ఎజెకు ఆ చెట్టు సంగతి తెలియదు. చెట్టు దగ్గరికి వెళ్ళి వంగింది. నేల మీంచి పెన్సిలు పొట్టు వేళ్ళతో ఎత్తి చూసింది. దాన్ని జేబులో వేసుకుని, వచ్చి నా తల మీది రుమాలు సరిచేసింది. అంతకుముందు అది సరిగానే ఉంది.

ఎల్నూరా కాగితాన్ని తెమిర్‌కుల్ ఆతా వీపుకు ఆనించి సంతకం పెట్టింది. వీపు మీద కలం కదులుతుంటే చక్కిలిగింతలని ఆతా ఒకటే మెలికలు తిరిగాడు. ఆమె సంతకం కొండదారిలా వచ్చింది. పై ఆఫీసులో ముద్ర పడడం ఒక్కటే మిగిలిందని, తను రాసినదాన్ని వాళ్ళు కాదనరని చెప్పి, మధ్యాహ్నానికి గుర్రమెక్కింది. దిగువనున్న ఆయనకు కాక మాకే ముద్ర పడిందన్న కబురు ఆదివారం సాయంత్రం నాన్న ఫోనుకు వచ్చింది. నాన్న దాన్ని లోయలో ఉన్న ప్రతి మనిషికీ ఒకసారి, కొందరికి రెండుసార్లు చదివి వినిపించాడు.

సోమవారం పొద్దున వ్యాను వచ్చే వేళకు ఎజె, నేను ముసలి అర్చా కింద గొయ్యి తవ్వుతున్నాం. ఆమె పార పడుతోంది, నేను మట్టి బకెట్లో ఎత్తి పోస్తున్నాను. దూరంగా దారి మీద వ్యాను హారను వినిపించింది. ఎజె పార ఆపి, అది మలుపు తిరిగేదాకా విన్నది.

"ఈపాటికి కూర్చుని మొదటి జేబు మొదలెట్టాలి" అంది. "ఇప్పుడేమో ఈ జేబు తవ్వుతున్నా. దీనికి గుండీ పెట్టాలా?"

"తలుపు పెడితే చాలు ఎజె."

"నీకు నోరెక్కువైంది." పారతో ఇంకో పెళ్ళ లేపింది. పని మీంచి చూపు తియ్యకుండా, "మరి ఇప్పుడెక్కడ రాసుకుంటావే?" అని అడిగింది.

ఆదివారమంతా తిరిగి మూడు చోట్లు చూశాను. ఒకచోట చీమలు. ఒకచోట నుంచి చూస్తే ఆతా దుర్భిణి తళుక్కుమంది. మూడోది బాగుంది.

"చెప్పను" అన్నాను.

ఎజె పార నేలకు గుచ్చి, దాని మీదికి వంగి, ఊపిరి ఆడనంతగా నవ్వింది. గట్టు అవతలి నుంచి బాత్మా అపా ఎవరక్కడ, ఏమైందని కేకేసింది. ఎజె జవాబు చెప్పలేకపోయింది. నేనే గట్టెక్కి, ఏం కాలేదు అపా, తవ్వుతున్నాం అని తిరిగి కేకేశాను.